అనొరెక్సియా వేరు, అమ్మాయి వేరు: ఈ మాట కంచం దగ్గర ఎలా పనికొస్తుంది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. పదో తరగతి సెలవుల నుంచి తిండి తగ్గిస్తూ వచ్చింది. ఇప్పుడు సైకియాట్రిస్ట్ చూసి అనొరెక్సియా నెర్వోసా అన్నారు, అంటే తిండికి భయపడి తినడం బాగా తగ్గించేసే మానసిక జబ్బు. "జబ్బును వేరుగా, పిల్లను వేరుగా చూడండి" అని చెప్పి పంపారు. ఇంటికొచ్చి మీరు పాపతో "ఇలా మాట్లాడేది నువ్వు కాదు, నీ జబ్బు" అన్నారు. పాప కంచం తోసేసి "నాలో ఇంకెవరూ లేరు, తిననంటున్నది నేనే" అంది. మీ వారేమో ఇదంతా మొండితనానికి దొరికిన సాకు అంటున్నారు. మీ అత్తయ్యగారు ఈ మాటను ఇంకోలా తీసుకుని, పిల్లకేదో పట్టింది, ఊళ్లో చూపిద్దాం అంటున్నారు. ఇది నిజమేనా, లేక తల్లిదండ్రుల్ని ఓదార్చడానికి చెప్పే మాటా అని అడిగారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఈ జబ్బున్న పిల్లలతోనూ, అంతకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలతోనూ పనిచేస్తాను. మీ డాక్టరు చెప్పింది పనికొచ్చే మాటే. అయితే ఆయన అది మీకు చెప్పారు, పాపకు అప్పజెప్పమని కాదు. మీ కోపం ఎవరి మీద ఉండాలో, మీరు ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోవడానికి మీ మనసులో పెట్టుకోవాల్సిన సంగతి అది. పిల్ల లోపల నిజంగా ఇద్దరున్నారని దాని అర్థం కాదు.

మొదట ఇందులో నిజం ఎంత ఉందో చూద్దాం. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 45 సంవత్సరాల్లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్న జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఒంట్లోనూ మనసులోనూ ఏ ఇబ్బందీ లేని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు వాళ్లకు తిండి బాగా తగ్గించారు. వాళ్ల బరువు సుమారు నాలుగో వంతు పడిపోయింది. ఆ తర్వాత జరిగింది వింటే మీకు మీ ఇల్లే గుర్తొస్తుంది. వంట పుస్తకాలు పోగేసుకుని చదివారు. చిన్న ముద్దను ముక్కలు ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు. ఎవరైనా తమ కంచం వైపు చూస్తే చిరాకు పడ్డారు. స్నేహితుల్ని, సరదాల్ని వదిలేశారు. చలికి తట్టుకోలేకపోయారు. ఎప్పుడు చూసినా తిండి గురించిన ఆలోచనే. వాళ్లలో ఎవరికీ అనొరెక్సియా లేదు. అదంతా ఆకలి చేసిన పని.

కాబట్టి ఈమధ్య మీరు చూస్తున్న ముభావం, కసురుకోవడం, వంటింట్లో మీ పక్కన నిలబడి నూనె ఎంత పోస్తున్నారో చూడటం, యూట్యూబ్‌లో గంటలకొద్దీ కేకుల వీడియోలు, ఇంట్లో అందరికీ వండిపెట్టి తను మాత్రం తినకపోవడం, వీటిలో చాలా భాగం పాప స్వభావం కాదు. ఒంటికి చాలినంత తిండి అందకపోతే ఎవరైనా అలా మారతారు. (వండిపెట్టడాన్ని చూసి మనవాళ్లు "ఎంత బుద్ధిగా వంట నేర్చుకుంటోందో" అని మెచ్చుకుంటారు కూడా. పెళ్లిళ్లలో "సన్నబడ్డావే, బాగున్నావ్" అనే పిన్నిలు, అత్తలు ఎలాగూ ఉంటారు.) బరువు తిరిగి వచ్చేకొద్దీ పాత పిల్ల కొంచెం కొంచెంగా బయటికి రావడం నేను చూస్తూనే ఉంటాను. ముందు మూడ్ బాగుపడాలి, తర్వాత తింటుంది అని ఎదురుచూసే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది, వరుస దానికి తిరగేసి ఉంటుందని.

అయితే ఒక తేడా ఉంది. మిన్నెసోటా యువకులు తిండి కోసం అల్లాడారు, మీ అమ్మాయి తిండికి భయపడుతోంది. ఆ భయం ఆకలి ఒక్కదాని వల్ల పుట్టదు. జన్యువుల పాత్ర ఉంది. 2019లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం ఈ జబ్బుకు మనసుతో పాటు ఒంటి జీవక్రియతో కూడా సంబంధం ఉందని చూపింది. పెంపకంలో లోపం వల్ల వచ్చిందని మీ ఆడపడుచు అన్నారని రాశారు కదా, ఆ మాట పట్టించుకోకండి.

ఇక ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ వారి అనుమానానికి జవాబు అక్కడే ఉంది. ఈ జబ్బుకు పేరు పెట్టిన ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ 1874లో, రోగిని చూసుకోవడానికి బంధువులు, స్నేహితులే అందరికంటే పనికిరాని వాళ్లని రాశాడు. ఆ తర్వాత చాలాకాలం పిల్లను ఇంటికి దూరంగా ఉంచడమే వైద్యం అనుకున్నారు. తల్లి దగ్గరే తప్పుందని నమ్మినవాళ్లు ఇరవయ్యో శతాబ్దంలోనూ తక్కువేమీ లేరు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు దాన్ని తిరగరాశారు. గెరాల్డ్ రసెల్ బృందం 1987లో ప్రచురించిన అధ్యయనంలో, పంతొమ్మిదేళ్ల లోపు జబ్బు మొదలై మూడేళ్లు దాటని పిల్లలకు ఒంటరిగా చేసిన థెరపీ కంటే కుటుంబంతో కలిపి చేసిన థెరపీ ఎక్కువ మేలు చేసింది. ఆ దారిలోనే జేమ్స్ లాక్, డేనియల్ లె గ్రాంజ్ ఇవాళ ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ అంటున్న పద్ధతికి మాన్యువల్ తయారుచేశారు. అంతకుముందే, 1980లలో, ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ నెరేటివ్ థెరపీ పేరుతో సమస్యను మనిషి నుంచి విడదీసి మాట్లాడే తీరును పెంచారు.

తల్లిదండ్రుల్ని నిందించకుండా, పిల్లనూ నిందించకుండా, తిండి బాధ్యత మాత్రం పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో పెట్టడం ఈ చికిత్స పని. జబ్బు వేరు, పిల్ల వేరు అని చూడలేకపోతే ఈ మూడూ కలిసి కుదరవు. పిల్లే కావాలని చేస్తోందనుకుంటే ఆమె మీద అరుస్తారు. లేదా అది ఆమె ఇష్టం అనుకుని వదిలేస్తారు. అందుకే మీ వారికి చెప్పండి: ఇది సాకు కాదు, సాకుకు ఇది సరిగ్గా ఎదురు. జబ్బు వచ్చినందుకు పాప దోషి కాదు. అలాగని కంచంలో అన్నం మిగల్చడానికి ఒప్పుకునేదీ లేదు. జ్వరమొచ్చిన పిల్ల మందు చేదుగా ఉందంటే జాలిపడతాం, మందు మానిపించం.

2010లో లాక్ బృందం 12 నుంచి 18 ఏళ్ల వయసున్న 121 మంది మీద ఈ పద్ధతిని ఒంటరి థెరపీతో పోల్చి చూసింది. చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్లు కుటుంబ పద్ధతిలో 49 శాతం, రెండోదానిలో 23 శాతం. అంటే ఇది గట్టి పద్ధతే. కానీ దీన్ని పాటించిన కుటుంబాల్లో దాదాపు సగం మంది పిల్లలు ఏడాది తర్వాత కూడా పూర్తిగా కోలుకోలేదు. ఇది తెలిసి మొదలుపెడితే మధ్యలో డీలా పడరు.

ఇప్పుడు అసలు సంగతి, నోటి మాట. "ఇది నీ జబ్బు మాట్లాడుతోంది" అన్నప్పుడు పాపకు వినబడేది ఏమిటంటే, "నువ్వేం చెప్పినా చెల్లదు." పదహారేళ్ల పిల్లను ఇంతకంటే ఒంటరిని చేసే మాట లేదు. పైగా ఈ జబ్బు మొదట్లో చాలామందికి జబ్బులా అనిపించదు. పరీక్షల టెన్షన్ మధ్య, తన చేతిలో ఉన్న ఒకే ఒక్క విషయం ఇదే అనిపిస్తుంది. తను సాధించిన గెలుపులా, తోడుగా ఉండే స్నేహితురాలిలా అనిపిస్తుంది. లండన్‌లోనే జానెట్ ట్రెజర్ అనే సైకియాట్రిస్ట్ బృందం రోగులతో అనొరెక్సియాకు రెండు ఉత్తరాలు రాయించేది, ఒకటి స్నేహితురాలిగా అనుకుని, ఇంకొకటి శత్రువుగా అనుకుని. స్నేహితురాలికి రాసిన ఉత్తరాల్లో "నువ్వే నన్ను కాపాడుతున్నావు" అన్న భావం బలంగా కనిపించింది. అలాంటిదాన్ని మీరు మొదటిరోజే శత్రువని ప్రకటిస్తే పాప దాని పక్కకే జరుగుతుంది. దానికి పేరు పెట్టాలా, శత్రువనాలా, అసలు తనలో భాగమే అనాలా అన్నది పాప తన థెరపిస్టుతో నెమ్మదిగా తేల్చుకోవాల్సిన విషయం. కోలుకున్నాక కూడా "అది నాలో వేరే మనిషేం కాదు, నేనే అలా ఉన్నాను" అనేవాళ్లున్నారు. దాంట్లో తప్పేం లేదు, వాళ్లూ కోలుకున్నవాళ్లే.

మరి కంచం దగ్గర ఏమనాలి? తక్కువ మాటలు. పాప "నెయ్యి వేశావా?" అంటే, "వేశానమ్మా." "నేను వద్దన్నాను కదా!" అంటే, "నీకు భయంగా ఉందని తెలుసు. ఇది నీకు కావాల్సిన అన్నం. నేను ఇక్కడే కూర్చుంటాను." అంతే. నెయ్యి మంచిదా చెడ్డదా, డాక్టరు ఎంత వేయమన్నారు, అక్కయ్య ఎంత తింటుంది అన్న చర్చలోకి దిగకండి. ఆ వాదనలో మీరు గెలవరు, ఎందుకంటే పాప దాని కోసం రోజంతా తయారవుతూ ఉంటుంది. "ఇంత కష్టపడి వండాను, నా మొహం చూసైనా తిను" అని ఏడవకండి. అప్పుడు పాప మీ దుఃఖం కూడా మోయాలి. తిన్న తర్వాత "చూశావా, తినేశావు, ఏమైంది?" అనకండి. ఆ మాట తన ఓటమిలా వినబడుతుంది. తిన్నాక ఒక గంట కష్టంగా ఉంటుంది. అప్పుడు టీవీలో ఏదైనా పెట్టండి, అష్టాచెమ్మా ఆడండి, మీ ఆఫీసు కబుర్లు చెప్పండి. తిండి ఊసు మాత్రం వద్దు.

జానెట్ ట్రెజర్ తల్లిదండ్రుల తీరును జంతువులతో పోల్చి చెబుతుంది. అతిగా కాపాడుతూ ప్రతిదానికీ సర్దుకుపోయేవాళ్లు కంగారూలు. కోపంతో, వాదనతో దూసుకొచ్చేవాళ్లు ఖడ్గమృగాలు. ఈదుతున్నవాళ్ల పక్కనే ఉంటూ, ఒక్కోసారి ముందుండి దారి చూపిస్తూ, ఒక్కోసారి వెనకుండి తోస్తూ సాగేవాళ్లు డాల్ఫిన్లు. మన ఇళ్లలో అమ్మ కంగారూ, నాన్న ఖడ్గమృగం కావడం ఎంత మామూలో. అమ్మ నెయ్యి తీసేసిన అన్నం చాటుగా పెడుతుంది, అది తెలిసి నాన్న గొంతు పెంచుతాడు, ఆ గొడవలో అన్నం సంగతి అందరూ మర్చిపోతారు. జబ్బుకు కావాల్సింది అదే. మీరిద్దరూ పాప లేనప్పుడు కూర్చుని, రేపు ఏం వడ్డిస్తామో, ఎవరు పక్కన కూర్చుంటారో, తినకపోతే ఏం చేస్తామో ఒక మాట మీదికి రండి. జబ్బును, పిల్లను విడదీసి చూడటం మొదట మీ ఇద్దరికీ కుదరాలి.

"ఇది మాట్లాడేది పాపా, జబ్బా అని ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. చాలాసార్లు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. తిండి, బరువు, అద్దం, అదేపనిగా మెట్లెక్కి దిగడం, ఈ నాలుగింటి విషయంలో ప్రస్తుతానికి నిర్ణయం మీది. మిగతా అన్నిటిలో మాట్లాడేది పాపే అని నమ్మండి. తన ఫోన్ మీరు చూశారని కోప్పడితే అది జబ్బు కాదు, పదహారేళ్ల పిల్లకు వచ్చే కోపం. ఎంపీసీ వద్దు, వేరే కోర్సు తీసుకుంటానంటే అది తన మాట. ఇష్టం లేని మాటలన్నిటినీ జబ్బు ఖాతాలో వేయడం ఈ పద్ధతిలో నేను చూసిన అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తల్లిదండ్రులకు అది చాలా సుఖంగా ఉంటుంది, అందుకే ప్రమాదం.

మధ్యలో ఉండేవి కొన్నున్నాయి. చిన్నప్పటి నుంచి కాకరకాయ తినని పిల్ల ఇప్పుడూ తినకపోతే అది తన రుచి. ఈ ఏడాదే హఠాత్తుగా శనివారం ఒంటిపూట మొదలైతే అనుమానించండి. భక్తి నిజమో కాదో విచారణ పెట్టక్కర్లేదు. "గుడికి నేనూ వస్తాను, పద. ఉపవాసం మాత్రం ఒళ్లు బాగుపడ్డాక" అనండి. జబ్బుగా ఉన్నవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడే శాకాహారినవుతానన్నా అదే మాట.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలామంది పిల్లలు "లావవుతాను" అనరు. "గ్యాస్, కడుపు ఉబ్బరం, ఆకలి లేదు, తింటే వాంతి వచ్చేలా ఉంది" అంటారు. లావు భయం పైకి కనిపించని ఈ రూపాన్ని 1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్ట్ వివరంగా రాశారు. మన దేశంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి. అందువల్లే చాలా కుటుంబాలు ముందు గ్యాస్ డాక్టరు దగ్గరికి వెళ్తాయి, ఎండోస్కోపీ కూడా అయ్యాక మా దగ్గరికొస్తాయి. ఇక్కడ "నాటకం" అన్న మాట వాడకండి. చాలాకాలం తక్కువ తింటే కడుపు ఖాళీ అవడం నిజంగానే నెమ్మదిస్తుంది, కాబట్టి రెండు ముద్దలకే నిండినట్టుండటం నిజం. అది తగ్గడానికి మందు కూడా తిండే. "కడుపు బరువుగా ఉందా? అవును, ఉంటుంది. కొన్ని వారాల్లో తగ్గుతుంది" అనండి, కంచం మాత్రం తీసేయకండి.

అబద్ధాల గురించి అడిగారు. ఇడ్లీ రుమాల్లో దాచడం, పెరుగన్నం సింకులో పోయడం, బరువు చూసే రోజు కడుపునిండా నీళ్లు తాగడం, ఇవన్నీ ఈ జబ్బులో ఉంటాయి. ఎప్పుడూ అబద్ధమాడని పిల్ల ఇలా చేసేసరికి తల్లిదండ్రులకు మనసు విరిగిపోతుంది. జబ్బును విడదీసి చూడటం అన్నిటికంటే అక్కరకు వచ్చేది ఇక్కడే. రుమాల్లో ఇడ్లీ దొరికితే "దొంగలా దాస్తావా?" అనకుండా, "ఇది మిగిలింది, దీనికి బదులు ఇంకొకటి" అని పెట్టండి. తిన్న వెంటనే బాత్‌రూమ్‌కి వెళ్లకుండా ఆ గంట మీ దగ్గరే ఉండేలా చూడండి. నమ్మకం పోయిందని ప్రకటించక్కర్లేదు, కాపలా పెంచితే చాలు.

అత్తయ్యగారి సంగతి. "పిల్లలో వేరే ఏదో ఉంది" అన్న మాట మన ఊళ్లలో నేరుగా దయ్యం దగ్గరికి వెళ్తుంది, ఆమెను తప్పుపట్టడానికేం లేదు. అందుకే ఆమెతో ఈ విడదీసే భాష వాడకండి. "ఆకలి చచ్చిపోయే జబ్బు, తిండే మందు, డాక్టరు చూస్తున్నారు" అనండి, అది ఆమెకు సరిపోతుంది. దిష్టి తీస్తే తీయనివ్వండి. ఉపవాసాల మొక్కులు, పథ్యాలు, తాయెత్తు కట్టాక మందులు మానడం, వీటికి మాత్రం ఖచ్చితంగా వద్దని చెప్పండి. ఇంకోమాట, నాయనమ్మల్ని తక్కువ అంచనా వేయకండి. భోజనం దగ్గర పాప పక్కన కూర్చుని తన చిన్నప్పటి కబుర్లు చెప్పే పని ఆమెకు అప్పగించండి. "ఇంకో ముద్ద తిను" అనకూడదన్న ఒక్క షరతుతో. అది అమ్మానాన్నల పని.

చిన్నవాడికి ఏం చెప్పాలో తెలియడం లేదన్నారు. నిజం చెప్పండి: అక్కకు జబ్బు చేసింది, దానివల్ల తినాలంటే భయమేస్తోంది, మేం చూసుకుంటున్నాం, అక్కను తినమని చెప్పడం నీ పని కాదు. వాడి ఆటలు, పుట్టినరోజు యథావిధిగా జరగనివ్వండి.

ఈ అధికారం మీ చేతిలో శాశ్వతంగా ఉండేది కాదు. బరువు తిరిగొచ్చి, గొడవ లేకుండా తినడం కొన్ని వారాలు నిలిస్తే ఒక్కొక్కటే పాపకు తిరిగివ్వండి. ముందు సాయంత్రం టిఫిన్ తనే ఎంచుకోవడం, తర్వాత కాలేజీలో లంచ్ ఒంటరిగా తినడం, అలా. వెనక్కి జారితే ఒక మెట్టు కిందికి రండి, శిక్షలా కాకుండా. ఏ మెట్టు ఎప్పుడో మీ టీమ్‌తో కలిసి తేల్చుకోండి. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉంచి ఇదంతా చేయడం కుదరదు. చదువు ఒక ఏడాది ఆగినా ఫర్వాలేదన్నది నా అభిప్రాయం, ఈ మాటకు నాన్నలు ఎక్కువగా అడ్డు చెబుతారు.

ఇంకొకటి, ఇంట్లో ఇలా తినిపించడం మొదలుపెట్టే ముందు పాపను ఫిజీషియన్‌కు చూపించి నాడి, బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూపించండి. చాలాకాలం తక్కువ తిన్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో డాక్టరే చెప్పాలి. కళ్లు తిరిగి పడిపోవడం, నాడి బాగా నెమ్మదించడం, గుండె దడ లేదా ఛాతీ నొప్పి, నీళ్లు కూడా తాగకపోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, చచ్చిపోతానన్న మాట, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ ఊళ్లో ఈ జబ్బు తెలిసిన టీమ్ లేకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.